కొల్లేటి గట్టు మీద ఆగిన నడక

హిదాయతుల్లా నడవడం మొదలుపెట్టింది యాభై దాటాక. అంతకుముందు అతని బతుకంతా కూర్చునే గడిచింది. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీ మగ్గం ముందు పలక మీద కూర్చుని, పొద్దున్నుంచి సందె వేళ దాకా ఊలు ముడులు వేసేవాడు. ఒకరోజు నడుం పట్టేసి పలక మీంచి లేవలేకపోయాడు. డాక్టరు మందులు రాసిచ్చి, వీటికంటే రోజూ నడవడం మంచిదన్నాడు.

ఆ నడకలో తోడు దొరికినవారు దత్తాత్రేయులు మాస్టారు. వట్లూరులో సొంతిల్లు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనంటే హిదాయతుల్లాకి గురి ఎక్కువ. కూతురు గుల్నాజ్ టెన్తులో లెక్కలు రాక ఏడుస్తుంటే, మాస్టారు పైసా పుచ్చుకోకుండా ఏడాది పొడుగునా ఇంట్లో కూర్చోబెట్టి చెప్పారు. ఆ పిల్ల ఇప్పుడు ఏలూరులో ఒక ఆస్పత్రిలో నర్సు. అందుకని మాస్టారు ఏ దారి పడితే హిదాయతుల్లా ఆ దారే పట్టేవాడు. పక్కన కాదు, రెండడుగులు వెనక. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తిరగాలో చెప్పేది మాస్టారే.

రెండువేల ఆరో సంవత్సరం చలికాలం చివర్లో మాస్టారు పెద్ద నడక ఒకటి తలపెట్టారు. రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కణ్ణుంచి గణపవరం, నిడమర్రు మీదుగా కొల్లేటి గట్లెక్కి, లంకలు దాటుకుంటూ మూడు రోజుల్లో ఏలూరు ఇంటికి నడిచి రావాలి. వలస పిట్టలు వెళ్ళిపోకముందే సరస్సుని కాలినడకన చూడాలని ఆయన కోరిక.

అప్పటికి కొల్లేరులో పరిస్థితి బాగాలేదు. సరస్సులో గట్లు పోసి తవ్విన చేపల చెరువులన్నీ కొట్టేస్తారని పేపర్లో రోజూ వస్తోంది. చెరువుల మీద బతికేవాళ్ళు మండిపడుతున్నారు. జనవరిలో ఏలూరులో ఒక మీటింగు జరిగింది. గట్లు తీసేయాల్సిందేనని అందులో మాస్టారు మైకు ముందు గట్టిగా మాట్లాడారు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే హాలంతా ఎత్తింది. హిదాయతుల్లా కూడా ఎత్తాడు.

ఇప్పుడా దారిలో వెళ్ళడం మంచిది కాదని మాస్టారి భార్య మంగాదేవి చెప్పి చూసింది. హిదాయతుల్లా భార్య చాంద్ బీ కూడా మొగుడితో అదే అంది. మాస్టారు వినలేదు, కాబట్టి హిదాయతుల్లా కూడా వినలేదు. చివరికి చాంద్ బీ కూతురిచేత సెలవు పెట్టించి వెంట పంపింది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరికి షుగరు, ఒక నర్సు ఉంటే తప్పేమిటని ఆమె వాదన.

మొదటిరోజు బాగానే గడిచింది. కాలవ గట్ల వెంట నడుస్తూ సాయంత్రానికి గణపవరం చేరారు. అక్కడ రాజరత్నం అని మాస్టారి పాత శిష్యుడొకడు ఇంట్లో పడక ఏర్పాటు చేశాడు. మాస్టారు కొత్త గుడ్డ బూట్లు వేసుకున్నారు. కాళ్ళెలా ఉన్నాయని గుల్నాజ్ అడిగితే, బంగారంలా ఉన్నాయని నవ్వారు. ఒకసారి బూట్లు విప్పండి చూస్తానంది. ఆయనకది నచ్చలేదు. రోజూ నడిచే కాళ్ళేనని, చూడటానికేమీ లేదని, వెళ్ళి పడుకోమని అన్నారు.

రెండోరోజు నిడమర్రు దాటాక రోడ్డు వదిలి గట్టెక్కారు. అటూ ఇటూ చెరువులు. ఒడ్డున చేపల మేతకి తవుడు బస్తాలు, అక్కడక్కడా కాపలా పాకలు. దూరంగా గుర్రపుడెక్క మీద గూడకొంగలు తెల్లగా కనిపిస్తున్నాయి. మాస్టారు మెళ్ళో బైనాక్యులర్సు, చేతిలో తాను స్వయంగా గీసుకున్న దారి పటం. ఆయన హుషారుగా పిట్టల పేర్లు చెబుతూ ముందు నడుస్తున్నారు.

కొంతదూరం వెళ్ళాక హిదాయతుల్లాకి ఒక సంగతి కంటపడింది. గట్టు మీద మట్టి మెత్తగా పిండిలా ఉంది. మాస్టారి అడుగులు అందులో చక్కగా పడుతున్నాయి. కుడి అడుగు పడిన ప్రతిచోటా, బొటనవేలి కింద చిన్న తడి మచ్చ. నల్లగా ఉంది. ముందు బురదనుకున్నాడు. కానీ ఎడమ అడుగులో లేదు. దారి పొడిగా ఉంది.

చెబుదామనుకున్నాడు. రాత్రి గుల్నాజ్ అడిగితే ఆయన విసుక్కున్న సంగతి గుర్తొచ్చింది. ఆయన కుంటడం కూడా లేదు. నొప్పుంటే ఆయనకే తెలుస్తుంది కదా అని సర్దిచెప్పుకున్నాడు. అలా ఇంకో చెరువు పొడవునా నడిచారు. మచ్చలు పెద్దవవుతున్నాయి. ఇక ఉండబట్టలేక, వెనక వస్తున్న కూతుర్ని పిలిచి నేలకేసి చూపించాడు. గుల్నాజ్ వంగి ఆ మట్టిని వేలితో తాకింది. వేలు చూసుకుంది. తలెత్తి మాస్టార్ని పిలవబోయింది.

సరిగ్గా అప్పుడే ఎదురుగా మోటారుసైకిలు ఒకటి వచ్చి గట్టుకి అడ్డంగా ఆగింది. దాని మీంచి ఇద్దరు దిగారు. పాకలోంచి ఇంకొకడు గెడకర్ర పట్టుకుని వచ్చాడు.

"ఎక్కడికండీ?" అన్నాడు ముందు దిగినవాడు. మాట మెత్తగా ఉంది, మొహం అలా లేదు. ఆ చెరువుల పనంతా చూసేది అతనే. పేరు అబ్బాయిరాజు. పక్కనున్నతను సుబ్బారావు, చెరువులో వాటాదారు. గెడకర్ర పట్టుకున్నది కాపలా మనిషి సీమోను.

ఏలూరు వెళ్తున్నామని మాస్టారు చెప్పారు. బస్సులుండగా ఈ గట్ల మీద నడవడమేమిటని అబ్బాయిరాజు అడిగాడు. పిట్టల్ని చూడటానికన్నారు మాస్టారు. అబ్బాయిరాజు చెయ్యి చాపి పటం తీసుకున్నాడు. అందులో చెరువులు, గట్లు, తూములు అన్నీ గీసి ఉన్నాయి. అతను దాన్ని సుబ్బారావుకి చూపించాడు.

"సర్వే వాళ్ళు ఇంతకుముందు జీపుల్లో వచ్చేవారు. ఇప్పుడు ముసలాళ్ళనీ ఆడపిల్లల్నీ పంపుతున్నారన్నమాట," అన్నాడు సుబ్బారావు.

మాస్టారికి కోపం వచ్చింది. తాను ఎవరో పంపితే వచ్చేవాణ్ణి కాదన్నారు. ఇది చెరువు కాదు, సరస్సు అనీ, దీని మీద నడవడానికి ఒకరి పర్మిషను అక్కర్లేదనీ అన్నారు. సుబ్బారావు ఒక్క అడుగు ముందుకేసి, ఆయన మెళ్ళోంచి బైనాక్యులర్సు లాగేసుకున్నాడు. ఆ ఊపుకి మాస్టారు తూలారు. హిదాయతుల్లా వెనకనుంచి పట్టుకున్నాడు. చొక్కా మీంచే ఆయన ఒళ్ళు కాలిపోతోంది.

గుల్నాజ్ ఎవరి మాటా అడగలేదు. మాస్టార్ని తవుడు బస్తా మీద కూర్చోబెట్టి, కుడి బూటు విప్పింది. మేజోడు పాదానికి అంటుకుపోయింది. నీళ్ళు పోసి నానబెట్టి మెల్లగా తీసింది. తుమ్మముల్లు ఒకటి బూటు అడుగులోంచి పొడుచుకొచ్చి బొటనవేలి కింద దిగబడి ఉంది. నిన్నటిదే అయి ఉంటుంది. చుట్టూ చీము. ఎరుపు పాదం దాటి చీలమండ పైదాకా పాకింది. పాదమంతా ఉబ్బిపోయింది.

మాస్టారు దాన్ని వేరే ఎవరి కాలో అన్నట్టు చూశారు. తనకి నొప్పి లేదన్నారు.

గుల్నాజ్ ఒక గడ్డిపరక తెంపి, కళ్ళు మూసుకోమంది. పరకతో వేళ్ళూ, అరికాలూ తాకుతూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. ఆయన ఏమీ చెప్పలేదు. కాసేపటికి, ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగారు.

ఆమె గడ్డిపరక పారేసి, ఇంట్లో మాట్లాడుకునే భాషలో తండ్రికి మెల్లగా చెప్పింది. షుగరు వల్ల కాలికి స్పర్శ పోయింది. విషం పైకెక్కుతోంది. ఇక ఈ కాలితో నడిస్తే కాలు దక్కదు, జ్వరం ఇలాగే ఉంటే మనిషి కూడా దక్కకపోవచ్చు.

"ఏమిటా గుసగుసలు? తెలుగులో మాట్లాడండి," అన్నాడు సుబ్బారావు.

గుల్నాజ్ అదే మాట తెలుగులో, అందరికీ వినబడేలా చెప్పింది.

మాస్టారు మేజోడు కోసం చెయ్యి చాపారు. జ్వరానికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. సాయంత్రానికల్లా అవతల లంక చేరొచ్చనీ, అక్కడ ఆటో దొరుకుతుందనీ, ముందుకేసిన కాలు వెనక్కి తీసే అలవాటు తనకి లేదనీ అన్నారు. బూటు అందుకుని లేచి నిలబడ్డారు కూడా. అలవాటు ప్రకారం, పద అన్నట్టు హిదాయతుల్లా వైపు తలూపారు.

హిదాయతుల్లా కాళ్ళు కదలబోయాయి. ఆ తలూపుకి కదలడం వాటికి అంతగా అలవాటైపోయింది. అతను ఒక్క క్షణం ఆగి, గట్టు మధ్యలో మట్టిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నేను నడవనండి," అన్నాడు.

మాస్టారికి అర్థం కాలేదు. నడుం పట్టేసిందా అని అడిగారు.

"నడుం బాగానే ఉందండి. మీరు వెళ్తానంటే వెళ్ళండి మాస్టారూ. ఆ కాలితో మీరు నడుస్తుంటే మీ వెనకాల నేను రాను. పొద్దున్నుంచీ వచ్చాను, మచ్చలు చూస్తూనే వచ్చాను. ఇక రాలేను."

ఇన్నేళ్ళలో హిదాయతుల్లా మాస్టారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన తవుడు బస్తా మీద కూలబడ్డారు.

నడవకపోతే ఎలా తీసుకెళ్ళాలన్నది తర్వాత ప్రశ్న. వెనక్కి నిడమర్రు దాకా మోటారుసైకిలు మీద పంపమని గుల్నాజ్ అడిగింది. గట్లు కొట్టే మెషీన్లు రాకుండా, వీళ్ళు దాటొచ్చాక మధ్యాహ్నం ఆ గట్టుకీ, ముందు గట్టుకీ గండ్లు కొట్టేశారని, బండి ఎటూ దాటదని సుబ్బారావు అన్నాడు. ఇక ఉన్నది నీటి దారే. చెరువుల వెనక కాలవ మీదుగా సీమోను దోనెలో గుడివాకలంక వైపు చేరిస్తే, అక్కణ్ణుంచి ఏలూరుకి బండి దొరుకుతుంది. కానీ ఆ కాలవ వెంట వెళ్తే లోపలి చెరువులన్నీ కనిపిస్తాయి. సుబ్బారావు ససేమిరా అన్నాడు. ఇదంతా నాటకమనీ, చెరువులన్నీ చూసుకుని సాయంత్రానికి సర్వే ఆఫీసులో కూర్చుంటారనీ అన్నాడు.

గుల్నాజ్ అబ్బాయిరాజు ముందుకొచ్చి నిలబడింది.

"మీరే దగ్గరికొచ్చి చూడండి. నాటకంలో ఇలాంటి వాసన రాదండి," అంది.

అబ్బాయిరాజు వచ్చి వంగి చూశాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. సీమోనుని దోనె తీయమన్నాడు. సుబ్బారావు అడ్డుపడబోతే చేత్తో ఆపాడు.

"ఈ సాయిబుగారు ఇక్కడే ఉంటారు. సీమోను తిరిగొచ్చి, వీళ్ళు ఆస్పత్రికే వెళ్ళారని చెప్పేదాకా మా పాకలో కూర్చుంటారు. ఒప్పుకుంటే వెళ్ళండి," అన్నాడు.

గుల్నాజ్ కుదరదంది. హిదాయతుల్లా కూతురి చెయ్యి పట్టుకుని, ఆలస్యం చేయొద్దన్నాడు. మాస్టార్ని నలుగురూ మోసి దోనెలో పడుకోబెట్టారు. గుల్నాజ్ చున్నీ తడిపి ఆయన నుదుటి మీద వేసింది. సీమోను గెడ వేశాడు. దోనె గుర్రపుడెక్కని చీల్చుకుంటూ కాలవ మలుపు తిరిగింది. మలుపు తిరిగేదాకా గుల్నాజ్ తండ్రినే చూస్తూ ఉంది.

పాకలో నులకమంచం ఒకటుంది. హిదాయతుల్లా దాని అంచున కూర్చున్నాడు. ఎండ మెల్లగా దిగుతోంది. గట్టు మీదికి జనం ఒకరొకరే చేరుతున్నారు. అటువైపు లంకలో మెషీన్లు దిగాయని ఒకడు కబురు తెచ్చాడు. కాదు, రేపొస్తాయని ఇంకొకడు అన్నాడు. కర్రలు తెచ్చి పాక గోడకి ఆనిస్తున్నారు. పాకలో ఈ కొత్తమనిషెవరని ప్రతివాడూ అడుగుతున్నాడు. సర్వే మనిషని సుబ్బారావు చెబుతున్నాడు.

హిదాయతుల్లా నమాజుకి నీళ్ళడిగాడు. ఎవరూ కదల్లేదు. అబ్బాయిరాజే కుండలోంచి చెంబుతో ముంచి ఇచ్చాడు. అతను కాళ్ళూ చేతులూ కడుక్కుని, పాక వెనక కండువా పరుచుకున్నాడు. వెనక కర్రల చప్పుడు వింటూనే నమాజు ముగించాడు. ఏం అడుక్కున్నాడో అతనికే గుర్తులేదు. దోనె ఎక్కడిదాకా వెళ్ళి ఉంటుందా అన్నదొక్కటే మనసులో తిరిగింది.

లేచి వచ్చేసరికి జనం కాస్త దగ్గరకి జరిగి ఉన్నారు. మధ్యలో సుబ్బారావు.

"నాకిప్పుడు గుర్తొచ్చింది. ఆ మాస్టార్ని జనవరిలో ఏలూరు మీటింగులో చూశాను. గట్లు కొట్టేయాలని మైకులో అరిచింది ఆయనే. అవునా కాదా?"

హిదాయతుల్లా తెలియదనొచ్చు. ఆయన కాదనొచ్చు. దోనె తిరిగొచ్చేదాకా ఆ మాట నిలబడితే చాలు. కానీ ఆ మనిషిని తాను ఎరగనని అనడానికి నోరు రాలేదు.

"అవునండి, మాస్టారేనండి," అన్నాడు.

"నువ్వూ ఉన్నావా?"

"ఉన్నానండి."

"చెయ్యెత్తావా?"

"ఎత్తానండి."

ఎవరో కర్ర అందుకున్నారు. అబ్బాయిరాజు ఆ కర్ర మీద చెయ్యి వేసి, హిదాయతుల్లాని అడిగాడు. "ఎందుకెత్తారు?"

వెతుక్కుంటే హిదాయతుల్లాకి దొరికిన జవాబు ఒక్కటే. అది చెప్పడానికి సిగ్గేసింది.

"మాస్టారు ఎత్తమన్నారు కాబట్టి ఎత్తానండి."

ఎవరో ఒకరిద్దరు నవ్వారు. అబ్బాయిరాజు నవ్వలేదు. మీ మాస్టారు చెబితే మా కూడు తీసేస్తారా అని అడిగాడు. చేతులెత్తిన ఆ హాల్లో, ఈ లంకల్లో ఒక్కరోజైనా ఉన్నవాళ్ళు ఎంతమందని అడిగాడు. ఇప్పుడడిగితే ఎత్తుతారా అన్నాడు.

హిదాయతుల్లా ఆలోచించుకున్నాడు.

"కిందటి వానాకాలం తమ్మిలేరు పొంగి మా ఇంట్లోకి వచ్చిందండి. మగ్గం మునిగింది. సగం నేసిన తివాచీ కుళ్ళిపోయింది. నీళ్ళు ఇక్కడ గట్ల దగ్గర ఆగిపోతే మా మీదికొస్తాయండి. అది నేను కళ్ళారా చూశాను. గట్లు పోతే మీ ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. అదీ ఇవాళ చూస్తున్నాను. ఏది చెయ్యాలో నాకు తెలియదండి. ఎత్తుతానని చెప్పలేను, ఎత్తనని కూడా చెప్పలేను. ఎవరో ఎత్తారని మాత్రం ఎత్తను."

సుబ్బారావు కోపంగా ఏదో అనబోయాడు. గుంపులోంచి ఒక పెద్దాయన, వదిలెయ్యండ్రా, అబద్ధమాడదలుచుకుంటే మనకి నచ్చే అబద్ధమే చెప్పేవాడు కదా, అన్నాడు. కర్ర మళ్ళీ గోడకి ఆనింది. ఎవరూ క్షమించలేదు, ఎవరూ దగ్గరకి తీసుకోలేదు. వాళ్ళ గొడవలో వాళ్ళు పడ్డారు. హిదాయతుల్లా మళ్ళీ మంచం అంచున కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా సీమోను వచ్చాడు. దోనె కట్టకుండానే గట్టెక్కి, ఒడ్డున జీపు దొరికిందని, ఆస్పత్రికే వెళ్ళారని, ఆ అమ్మాయి దారి పొడుగునా తలెత్తి ఒక్క చెరువు వైపు కూడా చూడలేదని చెప్పాడు. అబ్బాయిరాజు తలూపి, సాయిబుగార్ని కూడా వెలుగుండగానే దింపేసి రమ్మన్నాడు. పటం, బైనాక్యులర్సు ఇవ్వలేదు. హిదాయతుల్లా అడగలేదు. దోనెలో సీమోను ఒక్క మాటే మాట్లాడాడు. మాస్టారు దారిలో స్పృహ లేకుండా కూడా, పద పద అంటూనే ఉన్నారట.

ఆస్పత్రిలో మాస్టారి ప్రాణం నిలిచింది. కాలు నిలిచింది. బొటనవేలూ, పక్క వేలూ తీసేశారు. ఇంకొంచెం నడిచి ఉంటే మోకాలి దాకా పోయేదని డాక్టరు మంగాదేవితో అన్నాడు. ఆవిడ ఆ మాట హిదాయతుల్లాకి చెప్పి, కొంగుతో మొహం కప్పుకుంది.

మాస్టారు మాత్రం హిదాయతుల్లాతో మాట్లాడలేదు. అతను రోజూ మగ్గం దిగాక వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాడు. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. అంతమంది ముందు తనని కాదన్నందుకు కోపమా, వేళ్ళు పోయినందుకు బాధా, అతనికి తెలిసేది కాదు. చాంద్ బీ, ఇక వెళ్ళొద్దు అంది. అతను వెళ్తూనే ఉన్నాడు.

కట్టు మార్చిన ఒక సాయంత్రం మాస్టారు ఇటు తిరిగారు.

"మచ్చలు ఎప్పుడు చూశావు?" అని అడిగారు.

"గట్టెక్కిన కాసేపటికేనండి."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు కోప్పడతారనండి."

మాస్టారు ఫాను వంక చూస్తూ మెల్లగా మాట్లాడారు. "నా క్లాసులో కూడా ఎవరూ చెప్పేవారు కాదు. బోర్డు మీద లెక్క తప్పు వేస్తే వెనక బెంచీలో నవ్వుకునేవారు గానీ, లేచి చెప్పేవారు కాదు. అది గౌరవమనుకున్నాను హిదాయతుల్లా."

అప్పుడు హిదాయతుల్లా పాకలో జరిగింది చెప్పాడు. మీటింగు సంగతి, చెయ్యెత్తిన సంగతి, తానిచ్చిన జవాబు, ఏదీ దాచలేదు. మాస్టారు మధ్యలో ఆపకుండా విన్నారు. అబద్ధం చెప్పి ఉండాల్సిందని అన్నారు. మళ్ళీ, కాదులే అన్నారు. గట్లు పోవాలన్న మాట మీద తాను ఇప్పటికీ ఉన్నానని, కానీ లంకల్లో ఉన్నవాళ్ళు ఎంతమందని అబ్బాయిరాజు అడిగిన ప్రశ్న ఆ రోజు మైకు ముందు తనని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని అన్నారు. గట్ల విషయం తాను ఇంకా తేల్చుకోలేదని హిదాయతుల్లా చెప్పాడు. తేల్చుకోవద్దులే, తొందరేముంది, అన్నారు మాస్టారు.

ఆ వేసవిలో మెషీన్లు దిగాయి. గట్లు తెగాయని పేపర్లో చదివారు. అబ్బాయిరాజు ఏమయ్యాడో తెలియలేదు. సీమోను కోసం హిదాయతుల్లా ఒకసారి గుడివాకలంక దాకా వెళ్ళి వాకబు చేశాడు. పని వెతుక్కుంటూ కుటుంబంతో సహా కైకలూరు వైపు వెళ్ళాడన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. గెడ వేసిన మనిషికి ఒక్క మాట కూడా చెప్పలేకపోయామే అని గుల్నాజ్ చాలాకాలం బాధపడింది.

వానలు తగ్గాక మాస్టారు మళ్ళీ నడక మొదలుపెట్టారు. ఆయన కోసం చెప్పులు విడిగా కుట్టించారు. వట్లూరు కాలేజీ గేటు దాకా వెళ్ళడానికే చాలాసేపు పట్టేది. వేళ్ళు లేని కాలు ఒక పక్కకి ఒరిగేది. ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు. ఇంటికొచ్చాక మాస్టారు అరుగు మీద కూర్చుని రెండు పాదాలూ చాపితే, మంగాదేవి అద్దం పట్టుకుని అరికాళ్ళు చూపిస్తుంది.

గేటు దగ్గర మాస్టారు ఆగి, ఇంకాస్త వెళ్దామా, తిరిగిపోదామా అని అడుగుతారు. అడగడం ఆయనకి ఇంకా కొత్తే. జవాబు చెప్పడం హిదాయతుల్లాకీ కొత్తే. కొన్ని రోజులు వెళ్దామంటాడు. కొన్ని రోజులు చాలంటాడు. ఒక్కోసారి మాస్టారు ఒప్పుకోరు. అప్పుడిద్దరూ అక్కడే నిలబడి వాదించుకుంటారు.